పాత ల్యాప్‌టాప్‌లో పోర్టు నిజంగా పోయిందా?

[షాట్: ల్యాప్‌టాప్ పక్క అంచు దగ్గరగా, పోర్టులోకి వెళ్తున్న పెన్‌డ్రైవ్]

పెన్‌డ్రైవ్ పెట్టారు, దాని లైట్ వెలిగింది, స్క్రీన్ మీద మాత్రం ఉలుకూ పలుకూ లేదు. పోర్టు పోయిందని తేల్చేయకండి, ఎందుకంటే ఆ లైట్ వెలగడంలోనే సగం సమాధానం ఉంది. యూఎస్‌బీలో కరెంటుకు వేరే పిన్నులు, డేటాకు వేరే పిన్నులు. లైట్ వెలిగిందంటే కరెంటు వస్తోంది, తేలాల్సింది డేటా సంగతే. లైటే వెలగలేదనుకోండి, అప్పుడు వెతకాల్సిన దారి వేరు. ఇవాళ మనం ఏ పోర్టును పట్టుకున్నా ముందు అడిగేది ఇదే: ఆగింది కరెంటా, డేటానా?

దానికంటే ముందు చిన్న పని ఒకటుంది. ఇదే పెన్‌డ్రైవ్‌ను వేరే పోర్టులో పెట్టి చూడండి, తర్వాత బాగా పనిచేసే ఇంకో పెన్‌డ్రైవ్‌ను ఈ పోర్టులో పెట్టండి. రెండూ చేయాలి, ఒకటి చేసి వదిలేస్తే ఏమీ తేలదు. కేబుల్ ఉన్న హార్డ్‌డిస్క్ అయితే ముందు కేబుల్ మార్చండి, పోర్టుల కంటే కేబుళ్లే త్వరగా పోతాయి.

చాలామంది మౌస్ పెట్టి చూసి, కదులుతోంది కాబట్టి పోర్టు బాగానే ఉంది అనేస్తారు. మౌస్‌కు కావాల్సిన కరెంటు చాలా తక్కువ. యూఎస్‌బీలో పాత రకమైన 2.0 పోర్టు 500 మిల్లీయాంపులు, తర్వాత వచ్చిన, వేగం ఎక్కువున్న 3.0 పోర్టు 900 మిల్లీయాంపులు ఇవ్వగలగాలి. లోపల పిన్నులు అరిగిపోయినా, నల్లబడినా మౌస్ నడుస్తుంది కానీ, హార్డ్‌డిస్క్ తిరగడం మొదలుపెట్టగానే వోల్టేజి పడిపోయి టిక్ టిక్ మని కనెక్షన్ పోతుంది. అందుకే ఎక్కువ కరెంటు లాగే వస్తువు పెట్టి చూడందే పోర్టు బాగుందని నేనైతే నమ్మను.

[స్క్రీన్‌పై: డివైస్ మేనేజర్]

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ వైపు. ల్యాప్‌టాప్ షట్‌డౌన్ చేసి, చార్జర్ తీసి, బ్యాటరీ ఊడదీయగలిగే మోడల్ అయితే అదీ తీసి, పవర్ బటన్‌ను ఒక 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. బోర్డులో మిగిలిన కరెంటు దిగిపోయి, మొండికేసిన యూఎస్‌బీ కంట్రోలర్ కొన్నిసార్లు మళ్లీ లేస్తుంది. తర్వాత విండోస్‌లో హార్డ్‌వేర్ జాబితా చూపించే డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్‌ను, అంటే పోర్టులన్నీ కలిసే చోటును, అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేస్తే విండోస్ దాన్ని కొత్తగా గుర్తిస్తుంది. ఇది చేసేటప్పుడు యూఎస్‌బీ కీబోర్డు, మౌస్ కాసేపు ఆగిపోతాయి, టెన్షన్ పడకండి. ఇంకో మాట, విండోస్ 7 కొత్తగా వేసిన ల్యాప్‌టాప్‌లో నీలం పోర్టులు, అంటే 3.0వి, మాత్రమే పనిచేయకపోతే అది పోర్టు తప్పు కాకపోవచ్చు. విండోస్ 7లో 3.0 డ్రైవర్ ఉండదు, విడిగా వేయాలి. విండోస్ 8 నుంచే అది లోపల వస్తోంది.

అనుమానం తీరాలంటే విండోస్‌కు బదులు వాడే లైనక్స్ అనే సిస్టమ్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో, బాగున్న పోర్టు నుంచి బూట్ చేయండి. అక్కడా ఈ పోర్టు పలకకపోతే విండోస్‌ను తిట్టుకోవాల్సిన పని లేదు, తప్పు దాదాపుగా హార్డ్‌వేర్‌లోనే ఉంది. అక్కడి కెర్నల్ మెసేజ్‌లు, అంటే హార్డ్‌వేర్ గురించి సిస్టమ్ రాసుకునే లాగ్, కూడా ఒకసారి చూడండి. ఓవర్ కరెంట్ అని వస్తే పోర్టులో ఎక్కడో షార్ట్ ఉందని అనుమానించాలి. డిస్క్రిప్టర్ రీడ్ ఎర్రర్, మైనస్ 71 అని వస్తే వస్తువు తగిలింది గానీ మాట సరిగ్గా అందట్లేదు, అంటే డేటా లైన్ల మీదే అనుమానం.

[షాట్: టార్చ్ వెలుగులో పోర్టు లోపలి భాగం]

ఇక టార్చ్ వేసి లోపలికి చూడండి. నాలుకలా ఉన్న ప్లాస్టిక్ ముక్క విరిగిందా, పిన్ను ఏదైనా వంగి పక్కదాన్ని గానీ బయటి రేకును గానీ తాకుతోందా? అలా కనిపిస్తే అందులో ఇంకేమీ పెట్టకండి. దుమ్మే అయితే, మెషిన్ ఆఫ్‌లో ఉండగా, చెక్క పుల్లతో మెల్లగా తీసి, కొంచెం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి బాగా ఆరనివ్వండి. సూది, పిన్నీసు లాంటివి మాత్రం వద్దు.

3.0 పెన్‌డ్రైవ్ 2.0 వేగంతోనే నడుస్తోందా? 3.0లో అదనంగా 5 పిన్నులుంటాయి, వాటిలో ఒకటి సరిగ్గా తగలకపోయినా అది 2.0కి దిగిపోవచ్చు. ఒక్కోసారి మెల్లగా దూర్చినా అంతే, పాత 4 పిన్నులే ముందు కలిసి పని మొదలైపోతుంది. ఒకే ఊపులో లోపలికి నెట్టి చూడండి.

ఒక పక్కనున్న పోర్టులన్నీ ఒకేసారి పోతే నాకు భయం కంటే ఆశే ఎక్కువ. చాలా పాత మోడళ్లలో ఒక పక్క పోర్టులు చిన్న విడి బోర్డు మీద ఉండి, రిబ్బన్ కేబుల్‌తో మదర్‌బోర్డుకు కలుస్తాయి. ఆ కేబుల్ వదులైనా అన్నీ పోతాయి, ఊడదీసి మళ్లీ సరిగ్గా బిగిస్తే చాలు. లేదంటే ఆ బోర్డు మార్చుకోవచ్చు. అదే అన్ని పక్కలా పోతే వెబ్‌క్యామ్‌ను ఆన్ చేసి చూడండి, లోపల అది కూడా యూఎస్‌బీతోనే కలిసి ఉంటుంది. అదీ పోయి ఉంటే పోర్టుల జోలికి వెళ్లకండి, గొడవ చిప్‌సెట్‌లోనో (మదర్‌బోర్డులో యూఎస్‌బీని నడిపే చిప్) డ్రైవర్‌లోనో ఉండొచ్చు.

మల్టీమీటర్ ఉన్నవాళ్లు కరెంటు పిన్నుకీ గ్రౌండుకీ మధ్య చూడండి, 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య రావాలి. ప్రోబులు నేరుగా లోపలికి దూరిస్తే షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది, ప్లగ్‌లా పెట్టే చిన్న యూఎస్‌బీ టెస్టర్ మేలు. బోర్డు విప్పగలిగినవాళ్లు బ్యాటరీ తీసేసి, మల్టీమీటర్‌ను డయోడ్ మోడ్‌లో పెట్టి రెండు డేటా పిన్నులనూ గ్రౌండుతో కొలిచి పోల్చండి. రెండూ దాదాపు ఒకేలా చూపించాలి. ఒకటి ఓపెన్ అని వస్తే అక్కడ టంకం ఊడిందో, ట్రాక్ తెగిందో అయి ఉంటుంది.

హెచ్‌డీఎంఐ, హెడ్‌ఫోన్ సంగతి తొందరగా చెప్పేస్తా. హెచ్‌డీఎంఐకి కేబుల్, టీవీ రెండూ మార్చి చూసి, విండోస్ కీతో పీ నొక్కి డూప్లికేట్ ఎంచుకోండి. హెడ్‌ఫోన్ తీసేసినా స్పీకర్ మాట్లాడకపోతే జాక్ లోపలి స్విచ్ ఇరుక్కుని ఉండొచ్చు. ప్లగ్‌ను కాసిన్ని సార్లు పెట్టి తీస్తే అదే వదులుతుంది, చాలా వరకు.