బోనును కొరికే షార్క్ నిజానికి ఏం చేస్తోంది?

నమస్కారం. ఎర వేసి రప్పించిన షార్క్‌లను పర్యాటకులు నీటిలో బోనులో ఉండి దగ్గరగా చూడటాన్ని కేజ్ డైవింగ్ అంటారు. 2016లో మెక్సికోలోని గ్వాడలూప్ ద్వీపం దగ్గర ఒక గ్రేట్ వైట్ షార్క్ డైవర్ ఉన్న బోనులోకి దూసుకుపోయిన వీడియోను మీలో చాలామంది చూసే ఉంటారు. దానిని ఇప్పటికీ నరభక్షకి దాడి అనే శీర్షికతోనే పంచుకుంటున్నారు. చూసిన ప్రతిసారీ నాకు చిరాకు కలుగుతుంది, ఎందుకంటే ఆ షార్క్ ఎగబడింది మనిషి మీదికి కాదు, తాడుకు కట్టిన ఎర మీదికి. కరిచే క్షణంలో ఈ జాతి కళ్లకు దెబ్బ తగలకుండా కనుగుడ్లను వెనక్కి తిప్పుకుంటుంది కనుక, చివరి అడుగు దూరంలో దానికి ఏమీ కనిపించదు. కడ్డీల మధ్య తల ఇరుక్కున్నాక, వెనక్కి ఈదడం చేతకాని ఆ జీవి ముందుకే తోసుకుంటూ పోయింది. డైవర్ క్షేమంగా బయటపడ్డాడు, గాయపడింది షార్కే.

ఎర లేకపోయినా ఇవి బోను కడ్డీలను నోటితో పట్టుకోవడం కద్దు. షార్క్ ముట్టె చుట్టూ జిగురు నిండిన సన్నని రంధ్రాలు ఉంటాయి. తాను వేటాడే జంతువు కండరం కదిలినప్పుడు పుట్టే అతి స్వల్ప విద్యుత్తును అది వీటితో పసిగడుతుంది. ఉప్పునీటిలో మునిగిన లోహం చుట్టూ కూడా అలాంటి స్వల్ప విద్యుత్ క్షేత్రమే ఏర్పడుతుంది కాబట్టి, చేతులు లేని ఈ జీవి దానిని నోటితోనే తడిమి చూస్తుంది.

ఇక ఎర వేయడం వల్ల షార్క్‌లు మనుషులకు అలవాటు పడతాయన్న ఆక్షేపణను కొట్టిపారేయలేము. దక్షిణ ఆస్ట్రేలియాలోని నెప్ట్యూన్ దీవుల దగ్గర కేజ్ డైవింగ్ పడవల రాక పెరిగాక షార్క్‌లు అక్కడ ఎక్కువ రోజులు ఆగుతున్నట్టు పరిశోధకులు గమనించారు. ఆ తరువాతే అక్కడ ఎర వేసే రోజులకు పరిమితి వచ్చింది. అయితే ఎర వాసన షార్క్‌ను ఒకే చోట కట్టిపడేస్తుందని నమ్మేవారికి నేను నికోల్ సంగతి చెబుతాను.

నికోల్ దాదాపు 3.8 మీటర్ల ఆడ షార్క్. 2003 నవంబరులో దక్షిణాఫ్రికాలోని గాన్స్‌బాయ్ దగ్గర, కేజ్ డైవింగ్‌కు పేరుపడ్డ ఆ నీళ్లలోనే, శాస్త్రవేత్తలు దానికి ఉపగ్రహ ట్యాగ్ అమర్చారు. అది హిందూ మహాసముద్రం దాటి, మధ్యలో 980 మీటర్ల లోతు వరకు మునిగి, 99 రోజుల్లో పశ్చిమ ఆస్ట్రేలియా తీరానికి చేరింది. అక్కడ ట్యాగ్ ఊడిపోయింది. 2004 ఆగస్టులో అదే షార్క్ మళ్లీ గాన్స్‌బాయ్ దగ్గర కనిపించింది. ట్యాగ్ లేకపోయినా దానిని పోల్చుకోగలిగారంటే, వీపు రెక్క అంచున ఉండే నొక్కులు ఒక్కొక్క షార్క్‌కు ఒక్కొక్క తీరుగా ఉండటమే కారణం. మొత్తం ప్రయాణం 20,000 కిలోమీటర్లకు పైమాటే. కేజ్ డైవింగ్ పడవల మీద నుంచి ఏటేటా తీసే రెక్కల ఫొటోలకు నేను విలువ ఇచ్చేది ఇందుకే. పర్యాటకులు చెల్లించే రుసుము లేకుంటే అంత తరచుగా సముద్రంలోకి వెళ్లి షార్క్‌లను లెక్కపెట్టేవారు ఎవరు?

అదే నికోల్ దారిని రక్షణ చట్టాల మీద పరిచి చూడండి. బయలుదేరిన దక్షిణాఫ్రికా 1991లోనే ఈ జాతిని రక్షించింది, చేరుకున్న ఆస్ట్రేలియాలో కూడా రక్షణ ఉంది, కానీ నడుమ ఉన్నదంతా ఏ ఒక్క దేశానికీ చెందని సముద్రం, అక్కడ ట్యూనా కోసం వేసే పొడవాటి గేలపు తాళ్లకు షార్క్‌లు కూడా చిక్కుతాయి. నికోల్ తిరిగొచ్చిన 2004లోనే, ముప్పున్న జీవుల వ్యాపారం మీద దేశాలు చేసుకున్న సైటిస్ ఒప్పందం ఈ జాతిని రెండో అనుబంధంలో చేర్చి, రెక్కలు, దవడలు, పళ్ల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించింది. గేలానికి చిక్కిన షార్క్‌ను మాత్రం ఆ నియమం విడిపించలేదు. పైగా 3.8 మీటర్లున్న నికోల్ అప్పటికి పిల్లల్ని కనే వయసుకే రాలేదు. వాయవ్య అట్లాంటిక్‌లోని షార్క్‌ల మీద జరిగిన పరిశోధన ప్రకారం ఆడవి ఆ వయసుకు రావడానికి దాదాపు 33 ఏళ్లు పడుతుంది. అలాంటి ఒక్కటి పోతే దాని స్థానం భర్తీ కావడానికి దశాబ్దాలు పడుతుంది.

సమయం అయిపోతోంది కాబట్టి మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. 2017 నుంచి గాన్స్‌బాయ్ తీరానికి కాలేయం లేని షార్క్ కళేబరాలు కొట్టుకొచ్చాయి. పోర్ట్, స్టార్‌బోర్డ్ అనే పేర్లు పెట్టిన రెండు ఓర్కాల (కిల్లర్ వేల్‌ల) పని అది, వాటికి భయపడి గ్రేట్ వైట్‌లు ఆ నీళ్లను చాలావరకు విడిచిపోయాయి. మెక్సికో 2023లో గ్వాడలూప్ దగ్గర కేజ్ డైవింగ్‌ను పూర్తిగా నిషేధించింది. నియమాలు బిగించి ఉంటే చాలేదని నా అభిప్రాయం. దక్షిణాఫ్రికాలోనే ఉన్న క్వాజులు-నటాల్ తీరంలో ఈతగాళ్ల కోసం 1952 నుంచి వేస్తున్న వలల్లో, చట్టం రక్షించే ఈ షార్క్‌లే చిక్కి చనిపోతున్నాయి, దాని గురించి మాత్రం ఎవరూ వీడియోలు పంచుకోరు.

మీరు ఎప్పుడైనా బోనులో దిగాలనుకుంటే, పడవ నడిపేవారిని ముందుగా అనుమతి పత్రం చూపమనండి. ఎరను షార్క్ నోటికి అందకముందే లాగేస్తారా, తీసిన రెక్కల ఫొటోలను పరిశోధకులకు ఇస్తారా అని అడగండి. ఈ రెండింటికీ సూటిగా జవాబు చెప్పలేని పడవ ఎక్కకండి.