తాళం తీయని తాళంచెవులు

అందరికీ నమస్కారం.

ఇంగ్లండ్‌లో 5, 6 శతాబ్దాల నాటి ఆంగ్లో-శాక్సన్ (ఉత్తర ఐరోపా నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డ తెగలు) ఆడవాళ్ళ సమాధులు కొన్నింటిలో, నడుము దగ్గర కంచు తాళంచెవులు దొరికాయి. ఆకారం తాళంచెవిదే, కానీ వాటితో ఏ తాళమూ తెరుచుకోదు. నడికట్టుకి వేలాడదీసుకునేవి, అంతే. తాళాల గుత్తి బొడ్లో దోపుకుని తిరిగే అత్తగారిని చూసినవాళ్ళకి దాని అర్థం వేరే చెప్పక్కర్లేదు. ఇంటి పెత్తనం ఆవిడదని ఊరంతటికీ తెలియాలి. పురావస్తు పరిశోధకుల్లో చాలామంది మాట కూడా ఇదే.

మగవాళ్ళ సమాధుల్లోనేమో ఈటెలు, డాళ్ళు. వాటిని చూసి వీళ్ళంతా యోధులేనని చాలాకాలం అనుకున్నారు. హైన్రిష్ హేర్కె అనే పరిశోధకుడు ఆయుధాలతోపాటు పక్కనున్న ఎముకల్ని కూడా పరీక్షగా చూశారు. ఈటె పట్టే వయసు రాని పిల్లలకీ, పోరాడలేని అవిటివాళ్ళకీ కూడా ఆయుధాలు పెట్టారని తేలింది. అంటే అది యుద్ధం చేసిన గుర్తు కాదు, ఫలానా ఇంటివాడన్న గుర్తు. సమాధిలో సామాన్లు సర్దేది పోయినవాళ్ళు కాదు కదా, బతికున్నవాళ్ళు. అవి చెప్పేది ఆ బతికున్నవాళ్ళు నలుగురికీ చూపించుకోవాలనుకున్న సంగతి.

1939లో ఇంగ్లండ్ తూర్పున సఫోక్‌లో, సటన్ హూ అనేచోట ఒక సమాధి దిబ్బలో 27 మీటర్ల ఓడ బయటపడింది. చెక్కంతా కుళ్ళిపోయి, ఇసుకలో దాని అచ్చూ, వరసగా ఇనుప మేకులూ మిగిలాయి. లోపల బైజాంటియం (తూర్పు రోమన్ సామ్రాజ్యం) వెండి పళ్ళెం, ఇప్పటి ఫ్రాన్స్ వైపు ఏలిన ఫ్రాంకుల బంగారు నాణేలు. ఆ వైభవం గురించి చాలామంది చెప్పారు. నా మనసు మాత్రం ఇంకో సమాధి దగ్గరే ఆగిపోయింది.

2011లో కేంబ్రిడ్జ్ పక్కన ట్రంపింగ్టన్‌లో దొరికింది. 7వ శతాబ్దం నాటిది. సుమారు 16 ఏళ్ళ పిల్ల. చెక్క మంచం మీద పడుకోబెట్టి పూడ్చారు. గుండెల మీద మూడున్నర సెంటీమీటర్ల బంగారు శిలువ, దాన్నిండా ఎర్రటి గార్నెట్ రాళ్ళు. వెనకవైపు బట్టకి కుట్టుకోవడానికి చిన్న చిన్న రింగులు. క్రైస్తవం ఆ నేలమీద అప్పుడప్పుడే వేళ్ళూనుకుంటోంది, అయినా సమాధిలో సామాన్లు పెట్టే పాత ఆచారం పోలేదు. రెండూ ఆ ఒక్క మంచం మీదే ఉన్నాయి.

శిలువను బట్టి చూస్తే గొప్పింటి పిల్లే. కానీ ఆమె ఎముకలు, పళ్ళు ఇంకో కథ చెప్పాయి. పుట్టింది ఇంగ్లండ్‌లో కాదు. ఆల్ప్స్ పర్వతాల దగ్గర, బహుశా దక్షిణ జర్మనీలో. ఏడేళ్ళు దాటాక ఇక్కడికి వచ్చింది. వచ్చాక ఆమె తిండి మారిపోయింది, అందులో మాంసకృత్తులు కాస్త తగ్గాయి.