సింక్ జరిపితే గాలి దారి కూడా జరగాలి

[తెర మీద: వంటగది గోడ బొమ్మ. పాత సింక్ చోటు నుంచి కొత్త చోటికి బాణం.]

సింక్‌ని పక్క గోడకో, కిటికీ కిందికో జరపాలనుకున్నారు. మంచినీళ్ల పైపు జరపడం తేలికే. డ్రెయిన్‌కి ఇంకో ముక్క అతికించారు, నీళ్లు కూడా పోతున్నాయి. పని అయిపోయినట్టే అనిపిస్తుంది. కానీ కొన్నాళ్లకి సింక్ గుడగుడమంటుంది, తర్వాత మురుగు వాసన మొదలవుతుంది. పైపులో ఏదో అడ్డం పడిందని స్ప్రింగు పెట్టి తిప్పుతారు. చాలాసార్లు అక్కడ అడ్డమేమీ ఉండదు. పైపుకి గాలి అందదు, అంతే.

[దగ్గరగా: సింక్ కింద వంపు పైపు]

ఈ వంపు ముక్క పి ట్రాప్. ఇందులో సాధారణంగా 2 నుంచి 4 అంగుళాల లోతున నీళ్లు నిలిచి ఉంటాయి. మురుగు పైపులోని గాలి మీ వంటగదిలోకి రాకుండా ఆపేది ఈ కాసిన్ని నీళ్లే. నిండిన సింక్‌ని ఒక్కసారిగా వదిలితే పైపు నిండా పారే నీళ్లు తమ వెనకున్నదాన్ని కూడా లాక్కుపోతాయి. అదే సైఫన్. ట్రాప్ ఖాళీ అవుతుంది. మీరు విన్న గుడగుడ, పైపు ట్రాప్ గుండా గాలి పీల్చుకుంటున్న చప్పుడు.

అలా పీల్చుకోవాల్సిన అవసరం లేకుండా చేసేది వెంట్. ట్రాప్ దాటాక పైకి లేచి, ఇంటి కప్పు మీద తెరుచుకునే పైపు ఇది.

[యానిమేషన్: ట్రాప్, వాలుగా సాగే పైపు, చివర వెంట్]

సింక్ జరిపినప్పుడు చెడేది ట్రాప్‌కీ వెంట్‌కీ మధ్య దూరం. ఈ మధ్య ముక్కని ట్రాప్ ఆర్మ్ అంటారు. దీనికి అడుగుకి పావు అంగుళం వాలు ఇస్తారు. ఒకటిన్నర అంగుళాల పైపు తీసుకోండి. 6 అడుగులు పోయేసరికి ఎంత దిగింది? ఆరు పావులు, అంటే ఒకటిన్నర అంగుళం. సరిగ్గా పైపు వ్యాసమంత! అది దాటితే వెంట్ నోరు ట్రాప్‌లోని నీటి మట్టం కంటే కిందికి పోతుంది. ఇక గాలి అందేలోపే సైఫన్ మొదలవుతుంది. అందుకే ఐపీసీ అనే ప్లంబింగ్ కోడ్ ఈ పైపుకి 6 అడుగులే ఒప్పుకుంటుంది. యూపీసీ ఇంకా గట్టిది, మూడున్నర అడుగులే. మీ దగ్గర ఏ నియమం నడుస్తుందో ముందే కనుక్కోండి.

"వాలు పెంచితే నీళ్లు ఇంకా బాగా పోతాయి కదా?" అంటారు. ఇక్కడ ఆ తెలివి పనికిరాదు. అడుగుకి అర అంగుళం ఇచ్చారంటే 3 అడుగులకే హద్దు వచ్చేస్తుంది. దూరం కావాలంటే పైపు వ్యాసం పెంచండి. 2 అంగుళాల పైపుకి ఐపీసీలో 8 అడుగులు, యూపీసీలో 5.

[తెర మీద: కొత్త వెంట్ దారి]

అది కూడా చాలకపోతే కొత్త చోట వెంట్ లేపాల్సిందే. గోడలో నిటారుగా పైకి తీసుకెళ్లి, పాత వెంట్‌లో కలపొచ్చు. కానీ పక్కకి తిప్పేది సింక్ అంచు కంటే కనీసం 6 అంగుళాలు పైకి వెళ్లాకే. లేదంటే డ్రెయిన్ మూసుకుపోయిన రోజు మురుగు నీళ్లు వెంట్‌లోకి ఎక్కుతాయి, చెత్త అక్కడే పేరుకుపోతుంది. పైన కిటికీ అడ్డమొస్తే, ట్రాప్ ఆర్మ్‌ని గోడలో పక్కకి నడిపి, కిటికీ చట్రం దాటాక వెంట్ లేపండి. దూరం లెక్క మాత్రం తప్పకూడదు.

గోడ పగలగొట్టడం కుదరకపోతే ఎయిర్ అడ్మిటెన్స్ వాల్వ్ ఉంది. ఇది గాలిని లోపలికి రానిస్తుంది, వాసనని బయటికి పోనివ్వదు. ట్రాప్ ఆర్మ్ కంటే కనీసం 4 అంగుళాలు పైన, చేతికి అందేచోట పెట్టాలి. గోడలో పెట్టి మూసేస్తే దానికి గాలీ అందదు, పాడైతే మార్చడమూ కుదరదు. కొన్నిచోట్ల దీన్ని అసలు అనుమతించరు. పైగా పైపులో ఒత్తిడి పెరిగితే ఇది బయటికి వదల్లేదు కాబట్టి, ఇంటికి కప్పు మీద తెరుచుకునే వెంట్ కనీసం ఒకటి ఉండాలి. నన్నడిగితే, గోడ ఎలాగూ తెరిచే ఉంటే మామూలు వెంటే వేయించుకోండి.

[తెర మీద: తెరిచి ఉన్న గోడ, నిండిన సింక్]

గోడ మూయకముందు సింక్ నిండా నీళ్లు పట్టి ఒక్కసారిగా వదలండి. చెవి పెట్టి వినండి. నీళ్లన్నీ పోయాక సింక్ రంధ్రంలోకి టార్చ్ వేసి చూడండి, అడుగున నీళ్లు మెరవాలి. మెరవకపోతే మేస్త్రీని ఆపి, ట్రాప్ ఆర్మ్ పొడవు మళ్లీ కొలవండి.