ఆమెకు తెలుసా?

శ్రోతలకు నమస్కారం.

ఈరోజు నేను మాట్లాడబోయేది, ఇంట్లో నలుగురూ కూర్చున్నప్పుడు వస్తే ఎవరో ఒకరు లేచి రేడియో కట్టేసే విషయం. దయచేసి కట్టేయకండి. పక్కన పెద్దవాళ్లున్నా, పిల్లలున్నా ఇబ్బందిపడే మాట ఒక్కటీ అనను.

నీలిచిత్రాల గురించి మాట్లాడాలి. ఇప్పుడందరూ పోర్న్ అంటున్నారు. అవి చూడటం తప్పా, ఒప్పా అనే వాదనలోకి ఈ కాస్త సమయంలో వెళ్లను. నా బాధ వేరు. చూసినవాడు ఫోన్ పక్కన పెట్టేస్తాడు. స్నానం చేసి ఆఫీసుకు వెళ్తాడు, బస్సెక్కుతాడు, సాయంత్రం ఇంటికొస్తాడు. అక్కడ ఎదురయ్యే ఆడవాళ్లను ఏ కళ్లతో చూస్తాడు? ఆ కళ్ల గురించే నా మాటలు.

ఒక ప్రయోగం గురించి చెబుతాను. చదివి ఏళ్లు గడిచినా నా మనసులోంచి పోలేదు. అమెరికాలో డాల్ఫ్ జిల్‌మన్, జెన్నింగ్స్ బ్రయంట్ అనే ఇద్దరు పరిశోధకులు చేశారు. ఫలితాలు 1982లో అచ్చయ్యాయి. అంటే జేబుల్లో ఫోన్లు, ఇంట్లో ఇంటర్నెట్ లేని రోజులు.

కాలేజీలో చదువుకునేవాళ్లు 160 మంది. అబ్బాయిలు 80, అమ్మాయిలు 80. వాళ్లను కొన్ని గ్రూపులు చేశారు. ఒక గ్రూపుకు వారానికి ఆరు చొప్పున, ఆరు వారాల పాటు నీలిచిత్రాలు చూపించారు. ఒక్కొక్కటి ఎనిమిది నిమిషాలు. మొత్తం కూడితే ఐదు గంటలు కూడా నిండదు. ఇంకో గ్రూపుకు అన్నీ మామూలు చిత్రాలే వేశారు. ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. ఆ నీలిచిత్రాల్లో కొట్టడం లేదు, బలవంతం లేదు.

చూపించడం అయిపోయింది. కొన్ని వారాలు గడిచాక అందరినీ మళ్లీ పిలిచి, చేతికి ఒక పేపరు వార్త ఇచ్చారు. దారిలో లిఫ్ట్ అడిగిన ఒక అమ్మాయి మీద అత్యాచారం జరిగింది. నేరం రుజువైంది. వాడికి ఎంతకాలం జైలు వేయాలో మీరే చెప్పండి అన్నారు.

నీలిచిత్రాలు ఎక్కువగా చూసిన అబ్బాయిలు వేసిన శిక్ష, అసలు చూడని అబ్బాయిలు వేసిన దాంట్లో ఇంచుమించు సగం. సగమండి. అదే వార్త, అదే నేరం, అదే అమ్మాయి. శిక్ష మాత్రం సగం.

మరి అమ్మాయిలు? నన్ను కదలనివ్వకుండా చేసిన లెక్క అదే. మామూలుగా ఆడపిల్లలు ఇలాంటి నేరానికి అబ్బాయిల కంటే గట్టి శిక్ష వేశారు. కానీ వాళ్లలోనూ ఆ చిత్రాలు చూసిన గ్రూపు వేసిన శిక్ష దాదాపు సగానికి పడిపోయింది. తమ లాంటి ఒక ఆడపిల్లకు జరిగిన ఘోరం, వాళ్లకే తేలిగ్గా కనపడింది.

ఒక్క ప్రయోగంతో అన్నీ తేలిపోతాయని నేను అనను. తర్వాత ఇలాంటివి చేసిన వాళ్లలో కొందరికి ఇదే ఫలితం వచ్చింది, కొందరికి రాలేదు. పరిశోధకుల మధ్య వాదన ఇంకా నడుస్తూనే ఉంది. అయినా నేను ఆ ఐదు గంటల దగ్గరే ఆగిపోతాను. ఐదు గంటలకే అలా అయితే, చేతిలో ఫోన్ పట్టుకున్న పదమూడేళ్ల పిల్లాడి సంగతేంటి?

పైగా ఇప్పటి వీడియోలు ఆ పాతకాలపువాటిలా లేవు. బాగా అమ్ముడుపోయే పోర్న్ వీడియోల నుంచి 304 సన్నివేశాలు తీసి లెక్కగట్టిన అధ్యయనం ఒకటి 2010లో వచ్చింది. నూటికి 88 సన్నివేశాల్లో చెంపదెబ్బలో, ఇంకేదో రకం హింసో ఉంది. దెబ్బలు తినేది దాదాపు ప్రతిసారీ ఆడమనిషే. తిన్నాక ఆమె ఏడవదు, వద్దనదు. నవ్వుతుంది, లేదా ఏమీ జరగనట్టు ఉంటుంది. నాకు అన్నిటికంటే భయం వేసేది ఆ నవ్వు చూస్తేనే. ఆ నవ్వుకు అలవాటుపడ్డ కళ్లు, రేపు నిజంగా ఒక భార్య ముఖం తిప్పుకుంటే గుర్తుపడతాయా? తోటి ఉద్యోగి "అలా మాట్లాడకండి" అంటే నమ్ముతాయా? "ఊరికే అంటోందిలే, లైట్ తీసుకో" అనుకుంటాయి. మర్యాద పోవడమంటే నా దృష్టిలో అదే. ఆమె కాదన్నది చెవికి ఎక్కకపోవడం.

ఇక నేను కళ్లారా చూసినది చెబుతాను.

కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన చోట మగవాళ్లం పదకొండు మందిమి ఫోన్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నాం. ఒక మధ్యాహ్నం దాంట్లో ఒక ఫొటో వచ్చింది. మా సెక్షన్‌లోనే పనిచేసే ఒకావిడ, బీరువా కింది అర లోంచి ఫైలు తీయడానికి వంగి ఉంది. వెనక నుంచి తీశారు. ముఖం కనపడదు. పచ్చ అట్ట ఫైలు మాత్రం కనపడుతోంది. కింద నవ్వు బొమ్మలు వరసగా వచ్చాయి. ఒకాయన ఏదో వీడియో పేరు రాశాడు. ఏ తరహా వీడియో పేరో వేరే చెప్పక్కర్లేదు.

నేను నవ్వలేదు. కానీ ఏమీ అనలేదు కూడా. నవ్వకపోవడమే పెద్ద మర్యాద అనుకున్నాను. తప్పు.

మాలో అందరికంటే చిన్నవాడు, చేరి రెండు నెలలు కూడా కాని కుర్రాడు, రెండు మాటలు రాశాడు. "ఆమెకు తెలుసా?"

అంతే. తిట్టలేదు, నీతులు చెప్పలేదు. చాలాసేపు ఎవరూ ఏమీ రాయలేదు. తర్వాత ఆ ఫొటో గ్రూపులోంచి మాయమైంది.

శ్రోతల్లో మగవాళ్లను, ముఖ్యంగా కుర్రాళ్లను నేను అడిగేది ఇదొక్కటే. ఇలాంటి ఫొటో, వీడియో మీ గ్రూపులోకి వచ్చినప్పుడు ఫార్వర్డ్ చేయకండి. ఆ రెండు మాటలు టైప్ చేయండి. ఆమెకు తెలుసా? ఇంట్లో మగపిల్లలున్న తల్లిదండ్రులు కూడా పెద్ద ఉపన్యాసాలకు టెన్షన్ పడకుండా, ముందు ఈ ప్రశ్న అడగడం నేర్పండి.

మర్నాడు ఉదయం ఆవిడ నా బల్ల దగ్గరికి వచ్చింది. చేతిలో అదే పచ్చ అట్ట ఫైలు. "సార్, ఇక్కడ ఒక్క సంతకం పెడతారా?" అంది, ఎప్పటిలాగే నవ్వుతూ. నేను సంతకం పెట్టాను, తలెత్తలేదు.

ఆమెకు తెలియదు.