మీ ఎదురుగా కూర్చున్న ముఖం

అందరికీ నమస్కారం.

పోర్ట్రెయిట్ ప్రాక్టీసుకు మోడల్స్ ఎక్కడ దొరుకుతారని మీలో కొందరు అడిగారు. మీ పక్కనే ఉన్నారు. క్యాంటీన్‌లో, హాస్టల్ గదిలో, ఎంఎంటీఎస్ లోకల్ రైలు బోగీలో రోజూ మీ ఎదురుగా కూర్చునే స్నేహితులే.

వాళ్లను కూర్చోబెట్టి గీయండి. ఫోన్‌లో ఫొటో తీసుకుని తర్వాత గీద్దాంలే అనుకోవద్దు. దగ్గర నుంచి తీసిన సెల్ఫీలో ముక్కు పెద్దదవుతుంది, చెవులు వెనక్కి పోతాయి. పైగా చాలా ఫోన్లు చర్మాన్ని వాటంతటవే నున్నగా చేసేస్తాయి. మనిషి ఎదురుగా ఉంటే కదులుతారు, నవ్వుతారు, విసుక్కుంటారు. ఆ కదలికల్లోనే వాళ్ల పోలిక మీకు పట్టుబడుతుంది.

కొలతల గురించి ఒక్క మాట. కళ్లు దాదాపు తల ఎత్తుకు సగంలో ఉంటాయి. కొత్తవాళ్లు వాటిని పైకి జరిపేస్తారు, నుదురూ జుట్టూ తీసుకునే చోటును మరిచిపోతారు కాబట్టి. కనురెప్పల వెంట్రుకలు తర్వాత, ముందు తల ఆకారం చూడండి.

ఇక నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది రంగు గురించి. బొమ్మ గీయించుకునే ఫ్రెండ్ తప్పకుండా అనే మాట ఒకటుంది: "కొంచెం తెల్లగా వెయ్యరా!" మనం కూడా తెలియకుండానే కాగితం తెలుపును చర్మంగా వదిలేస్తాం, కళ్లూ పెదవులూ జుట్టూ మాత్రమే నల్లగా దిద్దుతాం. అది మన ముఖం కాదు. చామనఛాయ ముఖంలో కాగితం తెలుపు నుదుటి మీద, చెంప ఎముక మీద, ముక్కు కొసన మెరుపుకు మాత్రమే మిగలాలి. మిగతాదంతా మధ్యస్థంగా షేడ్ వేయాల్సిందే. 4బీ, 6బీ లాంటి మెత్తటి, ముదురు నలుపు పెన్సిళ్లు వాడటానికి భయపడకండి. పెన్సిల్‌లోని గ్రాఫైట్ ఎక్కువ రుద్దితే మెరుస్తుంది, లోతు పోతుంది. అప్పుడు చార్‌కోల్ (బొమ్మలు గీసే బొగ్గు) తీసుకోండి, దాని నలుపు మెరవదు. ఇంకా మంచి దారి గోధుమరంగు కాగితం: ఆ కాగితమే చర్మమవుతుంది, నీడలకు చార్‌కోల్, మెరుపులకు తెల్ల చాక్ చాలు.

చిత్రకారుడు తోట వైకుంఠం గారి బొమ్మలు చూడండి. 1942లో కరీంనగర్ ప్రాంతంలోని బూరుగుపల్లిలో పుట్టి, హైదరాబాద్‌లోనూ తర్వాత బరోడాలోనూ చదువుకున్న ఆయనకు పేరు తెచ్చినవి తెలంగాణ పల్లె స్త్రీల బొమ్మలే. ఆ ఒళ్లు నల్లన, బొట్టు పెద్దది, చీర రంగు గాఢం. ఆ నలుపులో ఎంత నిండుదనం ఉందో చూడండి. ఫెయిర్‌నెస్ క్రీముల ప్రకటనలు చూస్తూ పెరిగిన మన కంటికి ఈ చూపు చాలా అవసరమని నేను గట్టిగా నమ్ముతాను.

తెల్లగా వెయ్యమన్న ఫ్రెండ్‌కు ఏం చెప్పాలి? వాదించకండి. ఉన్నది ఉన్నట్టు, శ్రద్ధగా గీసి చూపించండి. తన రంగులో తాను అందంగా కనబడటం చాలామందికి అదే మొదటిసారి కావచ్చు.

గీసే ముందు అడగండి. పరీక్షల టెన్షన్‌లో ఉన్నవాళ్లు, తమ బొమ్మ వద్దనుకునేవాళ్లు కాదంటే వదిలేయండి. వాళ్లు సరేననకుండా వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. కింద తేదీ వేయండి, నాలుగేళ్ల కోర్సులో మీ చేయి ఎలా మారిందో అదే చెబుతుంది.

ఇప్పుడు ప్యాడ్లు తీయండి. పక్కవాళ్ల వైపు తిరిగి, అడిగి, మొదలుపెట్టండి. మొదటి బొమ్మకు పది నిమిషాలు.