చిట్టాకెక్కని పద్దు
(బెంగళూరులో మా ఫుట్‌బాల్ కోచ్, అకౌంట్స్ మాస్టారి సంస్మరణ సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకి, ఈ హాలు ఇచ్చిన తెలుగు సంఘం వాళ్ళకి, కోలారు నుంచి, హోసూరు నుంచి, చిత్తూరు నుంచి తెల్లవారుజామునే బస్సెక్కి వచ్చిన మా పాత టీం కుర్రాళ్ళకి నమస్కారం. మనకి అరవై దగ్గరపడుతున్నా కుర్రాళ్ళనే అంటాను, సార్ చివరిదాకా మనల్ని అలాగే పిలిచారు. ముందు వరసలో కూర్చున్న అమ్మగారికి ప్రత్యేకంగా నమస్కారం. అమ్మా, మీ చేతి ఉప్మా తిని ఎన్ని మ్యాచ్‌లకి వెళ్ళామో లెక్క లేదు.

నాకు పది నిమిషాలిచ్చారు. నాలుగు మంచి మాటలు రాసుకొచ్చాను, ఆ కాగితం జేబులోనే ఉంది. అయితే పోయిన వారం ఒక ఆఫీసు గదిలో నాకొక మాట చెప్పారు. ఆ మాట ఇక్కడ చెప్పకుండా దిగలేను.

ముందు, సార్ ఎవరో తెలియని పిల్లల కోసం రెండు ముక్కలు. ఆయన పుట్టి పెరిగింది సికింద్రాబాద్‌లో. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పు ఫుట్‌బాల్ పోటీ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ టీం ప్రాక్టీసుని గోడెక్కి చూసిన పిల్లల్లో ఆయనొకరు. ఆ టీం కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఏషియన్ గేమ్స్ బంగారు పతకాలు గెలిచిన మన దేశం టీంకి కూడా ఆయనే కోచ్. వృత్తిరీత్యా ఆ మహానుభావుడు బడిపంతులు. ఈ మాట సార్ మాకు వందసార్లు చెప్పారు. "రహీం సాబ్ టీచర్ రా" అనేవారు, ఆ ఒక్క మాటతో తనకి కూడా దారి దొరికినట్టు.

1971లో బెంగళూరు వచ్చి మా కాలేజీలో కామర్స్ లెక్చరర్‌గా చేరారు. కాలేజీ పేరు ఇక్కడ చెప్పను. మేం ఆయన్ని ట్యాలీ సార్ అనేవాళ్ళం. ఇప్పటి పిల్లలు ఆ పేరు అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌ని చూసి పెట్టారనుకుంటారు. ట్యాలీ కంపెనీ ఇదే ఊళ్ళో 1986లో మొదలైంది. మా సార్‌కి ఆ పేరు అంతకు ముందు నుంచే ఉంది. గ్రౌండ్‌లో అయినా క్లాసులో అయినా ఆయన ఆఖరి ప్రశ్న ఒకటే: "ట్యాలీ అయిందా?" అంటే, రెండు పక్కలా లెక్క సరిపోయిందా అని.

నేను చిత్తూరు వైపు పల్లె నుంచి, తెలుగు మీడియం నుంచి వచ్చినవాణ్ణి. ఇక్కడ బీకాం మొత్తం ఇంగ్లీషులో. ట్రయల్ బ్యాలెన్స్ అనే మాట వింటేనే కడుపులో తిప్పేది. ఒకరోజు క్లాసయ్యాక సార్ నన్ను ఆపి, "లెడ్జర్ అంటే మీ ఆవర్జాయే, ఎవరి ఖాతా వాళ్ళకి విడిగా రాసేది. జర్నల్ అంటే చిట్టా, ఏ రోజు పద్దు ఆ రోజు ముందుగా ఎక్కించేది. ట్రయల్ బ్యాలెన్స్ అంటే అంకణా, రెండు పక్కల మొత్తాలూ సరిపోయాయో లేదో చూసే పట్టీ. మీ ఊళ్ళో శెట్టిగారి కొట్లో రాసేదే ఇది. ఎందుకంత టెన్షన్?" అన్నారు. రేపటి నుంచి పొద్దున్న ఐదూ ముప్పావుకి గ్రౌండ్‌కి రమ్మన్నారు. అకౌంట్స్ రాకపోతే గ్రౌండ్‌కి ఎందుకో నాకప్పుడు అర్థం కాలేదు.

అది 1988లో అర్థమైంది. ఆ సంగతి చెప్పాలి. ఇక్కడున్న సగం మందికి తెలుసు, అయినా చెబుతాను.

ఆస్టిన్ టౌన్‌లో ఇంటర్ కాలేజ్ మ్యాచ్. నేను గోలీని, అంటే గోల్‌కీపర్‌ని. ఎర్రమట్టి గ్రౌండ్, ముందురోజు వాన. హాఫ్ టైంకి మూడు గోల్స్ తిన్నాను. మూడు! వచ్చి కూర్చుంటే ఎవ్వరూ నా మొహం చూడటం లేదు. నీళ్ళ బాటిల్ కూడా నా వైపు రాలేదు. కెప్టెన్ ఒక మాటన్నాడు, అది ఇక్కడ వద్దు. నాకు బూట్లు విప్పేసి అటు నుంచి అటే బస్సెక్కి ఊరెళ్ళిపోవాలనిపించింది.

సార్ వచ్చారు. చొక్కా జేబులో ఎప్పుడూ ఉన్నట్టే సుద్దముక్క ఉంది. స్కోరు రాసే నల్లబల్లని వెనక్కి తిప్పి నిలువుగా ఒక గీత, పైన అడ్డంగా ఒక గీత గీశారు. క్లాసులో ఖాతా గీసినట్టే. ఎడమ వైపు "ఎవరికొచ్చింది" అని రాశారు. కుడి వైపు "ఎవరిచ్చారు" అని రాశారు.

"మొదటి గోల్. వచ్చింది వీడికి. ఇచ్చిందెవరు?"

ఎవరూ మాట్లాడలేదు. సార్ సుద్దముక్క అలాగే పట్టుకుని నిలబడ్డారు. కాసేపటికి మా లెఫ్ట్ బ్యాక్ లేచాడు. "నేనే సార్. బాల్ ఎడమ కాలి మీదకొచ్చింది. కుడి కాలికి మార్చుకునేలోపు లాగేశారు."

సార్ కుడి వైపు వాడి పేరు రాశారు. రెండో గోల్ అక్కర్లేని కార్నర్ ఇవ్వడం వల్ల వచ్చింది, ఆ పేరూ రాశారు. మూడోది కెప్టెన్ నాకిచ్చిన బ్యాక్ పాస్. అప్పట్లో దాన్ని గోలీ చేత్తో పట్టుకోవచ్చు, ఆ రూలు 1992లో మారింది. పాస్ సగం దూరంలోనే ఆగిపోయింది, వాళ్ళ ఫార్వర్డ్ అందుకున్నాడు. కెప్టెన్ తలొంచుకుని తన పేరు తనే చెప్పాడు.

సార్ కింద గీత గీసి రెండు వైపులా 3 వేశారు. "ట్యాలీ అయింది. ఇక వీడి మొహం చూడక్కర్లేదు, మీ కాళ్ళు చూసుకోండి" అన్నారు. కెప్టెన్ నీళ్ళ బాటిల్ తెచ్చి నా చేతిలో పెట్టాడు.

మేం ఓడిపోయాం, 3-2. రెండో హాఫ్‌లో నా వెనక వలలోకి ఒక్క బాల్ వెళ్ళలేదు. తిరుగు బస్సులో సార్ నా పక్కన కూర్చుని మెల్లిగా, "పుచ్చుకున్నవాడికి డెబిట్, ఇచ్చినవాడికి క్రెడిట్. ఇవాళ నీకు ఎక్కిందా?" అన్నారు. ఎక్కింది. ఆ ఏడాది అకౌంట్స్‌లో పాసయ్యాను. ఇవాళ నేను ఆడిటర్‌ని. నా ఆఫీసులో ఆడిట్ పని నేర్చుకుంటూ ఆర్టికల్స్ చేసే పిల్లలకి ఆ నల్లబల్ల కథ చెప్పకుండా మొదటి వౌచర్ ఇవ్వను.

ఆ ఎడమ కాలి సంగతి కూడా చెప్పాలి. రహీం సాబ్ తన ఆటగాళ్ళతో అలవాటు లేని కాలితోనే ఆడించి పోటీలు పెట్టేవారట. మా సార్ కూడా వారానికి ఒకరోజు అదే చేయించేవారు. ఖాతాకి రెండు పక్కలున్నట్టే మనిషికి రెండు కాళ్ళు, ఒక పక్కే రాసుకుంటూ పోతే పుస్తకం ముయ్యలేం అనేవారు. బూట్లు లేకుండా ఎవర్నీ దిగనిచ్చేవారు కాదు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మనవాళ్ళు చాలామంది వట్టికాళ్ళతో ఆడి యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడారు. బూట్లు తప్పనిసరి అయ్యింది ఆ తర్వాతే. ఆ స్కోరు చెప్పేటప్పుడు సార్ గొంతు ప్రతిసారీ తగ్గిపోయేది.

ఇక ఆ ఆఫీసు గది.

ఈ సభలో సార్ గురించి వివరాలు సరిగ్గా చెప్పాలని పోయిన వారం కాలేజీకి వెళ్ళాను. వాళ్ళు మర్యాదగానే కూర్చోబెట్టారు. ఫైలు తెప్పించారు. లెక్చరర్‌గా 1971 నుంచి 2002 దాకా, 31 ఏళ్ళు. ఇంక్రిమెంట్లు, సెలవులు, పీఎఫ్, అన్నీ ఉన్నాయి. ఫుట్‌బాల్ గురించి ఎక్కడుందండీ అనడిగాను. పేజీలు తిప్పి, "ఫుట్‌బాల్ కోచ్ అనే పోస్టే మా దగ్గర లేదు సార్" అన్నారు.

పోస్టు లేదు. అలవెన్సు లేదు. రిటైరైన రోజు చదివిన సన్మాన పత్రంలో కూడా ఒక్క వాక్యం లేదు, ఆ పత్రం అమ్మగారి దగ్గర చూశాను. గ్రౌండ్ కూడా లేదు. సగంలో కొత్త బ్లాకు లేచింది, మిగతా సగంలో కార్లు పెడుతున్నారు.

సార్ మాకు తప్పుల పాఠం చెబుతూ ఒక తప్పు దగ్గర చాలాసేపు ఆగేవారు. ఒక పక్క అంకె తారుమారైతే అంకణా పట్టిస్తుంది. ఒక పక్క రాసి ఇంకో పక్క మర్చిపోయినా పట్టిస్తుంది. కానీ అసలు చిట్టాలోనే రాయకుండా వదిలేస్తే, రెండు పక్కలా లేదు కాబట్టి అంకణా చక్కగా ట్యాలీ అవుతుంది. ఏ ఆడిటరూ కాగితం చూసి దాన్ని కనిపెట్టలేడు. ఆ లావాదేవీ జరిగినప్పుడు అక్కడున్న మనిషి వచ్చి చెప్పాలి.

అక్కడున్నది మనమే కదా! ఈ హాల్లో ఉన్నవాళ్ళమే! పొద్దున్నే చీకట్లో కోన్లు పెట్టింది ఎవరు? ప్రాక్టీసు అయ్యాక అయ్యంగార్ బేకరీలో పదిహేను మందికి బన్నులు కొనిపెట్టింది ఎవరు? ఎవరి ఇంట్లో ఐరన్ ట్రంకులో టీం జెర్సీలు ఉండేవి? అమ్మా, వాటిని ఎన్నిసార్లు ఉతికారు మీరు?

అందుకని ఒక ఉత్తరం రాసుకొచ్చాను. ఆయన సర్వీసు రికార్డులో కోచ్‌గా చేసిన పని కూడా రాయమని, టీం ఫోటోలు కాలేజీ లైబ్రరీలో పెట్టమని. మీ ఇళ్ళల్లో పాత ఫోటో, సర్టిఫికెట్, ఐడీ కార్డు ఏదున్నా వెతికి ఇవ్వండి. వెనక వరస వాళ్ళకి వినిపిస్తోందా? ఏదున్నా సరే.

ఇంకొక్కటి చెప్పి దిగుతాను. అమ్మగారు నాకొక నీలం అట్ట లాంగ్ బుక్ ఇచ్చారు. సార్ చేతిరాత. మనలో ఒక్కొక్కరికి ఒక పేజీ. నా పేజీలో ఎడమ పక్క బూట్లకి 110 రూపాయలు, పరీక్ష ఫీజు, బస్సు ఛార్జీలు, నాకు మోకాలి దెబ్బ తగిలినప్పటి మందులు. 1991లో మొదటి జీతం రాగానే ఆ డబ్బు పట్టుకెళితే, "ఆ ఖాతా ఎప్పుడో మూసేశాను రా" అని వెనక్కి పంపారు. రాని బాకీల కింద కొట్టేశారనుకున్నాను. అవతలివాడు ఇక ఇవ్వడు అని తేలితే అలాగే రాస్తాం.

పుస్తకం తెరిచి చూశాను. ప్రతి ఏడూ మార్చి 31 తేదీతో, కుడి పక్కన ఒకే మాట ఉంది. సొంతవాడకాలు. వ్యాపారం నడిపేవాడు తన ఇంటి ఖర్చుకి, తన పిల్లల తిండికి, బట్టకి తీసుకున్న డబ్బుని ఆ మాటతో రాస్తాం. ప్రతి పేజీలో అదే ఉంది. ఒక్క పేజీలో కూడా రాని బాకీ అని లేదు.

పుస్తకం ఈ బల్ల మీద పెడుతున్నాను. పక్కనే ఉత్తరం, పెన్ను ఉన్నాయి. ముందు మీ పేజీ చూసుకోండి, తర్వాత సంతకం పెట్టండి. మా లెఫ్ట్ బ్యాక్ ఎక్కడున్నాడు? అక్కడ తలుపు దగ్గర నిలబడ్డావా? రా, ముందు నువ్వే రా. నీది పదిహేడో పేజీ.