మనసు–శరీరం మీద పీజీ చేస్తామంటున్న వాళ్లతో

పీజీలో సైకాలజీ తీసుకుని, మనసు ఒంటి మీద ఎలా పనిచేస్తుందో, ఒళ్లు మనసును ఎలా మారుస్తుందో తేల్చుకోవాలని వచ్చిన మీకు ముందే ఒక మాట చెప్పేస్తాను. ఒక్క డిపార్ట్‌మెంట్‌లో కూర్చుంటే ఈ చదువు రాదు.

అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ ఏడర్ అని ఒక సైకాలజిస్టు ఉండేవారు. ఎలుకలకు శాకరిన్ కలిపిన తియ్యటి నీళ్లు తాగించి, వెంటనే వికారం తెప్పించే సైక్లోఫాస్ఫమైడ్ అనే మందు ఇంజెక్షన్ ఇచ్చి, ఆ వికారం వల్ల అవి తీపిని ఎన్నాళ్లు దూరం పెడతాయో చూస్తున్నారు. మందు ఆపేసి ఉత్త తియ్యటి నీళ్లే ఇస్తున్నా కొన్ని ఎలుకలు చచ్చిపోయాయి, అదీ మొదట్లో ఆ నీళ్లు ఎక్కువ తాగినవే ముందు. ఆ మందు వికారం తెప్పించడమే కాదు, రోగనిరోధక శక్తినీ అణిచేస్తుంది కదా, మరి ఉత్త తీపి రుచికే ఒళ్లు అదే పని చేయడం నేర్చుకుందా? ఈ అనుమానం సైకాలజీ ల్యాబ్‌లో తీరేది కాదు. అందుకే రోగనిరోధక శక్తి మీద పనిచేసే నికొలస్ కోహెన్ అనే ఇమ్యునాలజిస్టుతో కలిసి, ఎలుకల ఒంట్లో రోగాలతో పోరాడే యాంటీబాడీలు కొలిచారు. ముందు మందుతో జత చేసి అలవాటు చేసిన ఎలుకల్లో, తర్వాత తియ్యటి నీళ్లు ఒక్కటే ఇచ్చినా యాంటీబాడీలు తగ్గాయి. 1975లో ఆ పేపర్ వచ్చింది, మనసు, నరాలు, రోగనిరోధక శక్తి మధ్య సంబంధాన్ని చదివే సైకోన్యూరోఇమ్యునాలజీ అనే శాఖ దాన్నుంచే ఊపందుకుంది.

1998లో అమెరికాలోని ఒహాయోలో 11 మంది డెంటల్ విద్యార్థుల అంగిలి మీద 3.5 మిల్లీమీటర్ల చిన్న గాయం చేసి చూశారు. వేసవి సెలవుల్లో ఒకసారి, పరీక్షల ముందు ఒకసారి. అవే నోళ్లు, అంతే గాయం, కానీ పరీక్షలప్పుడు మానడానికి దాదాపు 40 శాతం ఎక్కువ సమయం పట్టింది, ఒక్కరికి కూడా సెలవుల్లో మానినంత త్వరగా మానలేదు.

ఇవన్నీ తెలిశాక కూడా మన ఆస్పత్రుల్లో గుండెదడ, కడుపులో మంట అని వచ్చిన మనిషికి రిపోర్టులు నార్మల్ వస్తే “మీకేం లేదమ్మా, ఉత్త టెన్షనే” అని పంపేయడం నాకు చాలా బాధగా ఉంటుంది, ఎందుకంటే ఆ టెన్షన్ ఒంట్లో జరిగే పనే, దానికీ హార్మోన్లున్నాయి, నరాలున్నాయి. ఇటు పక్క ఇంకో ప్రమాదం ఉంది. పాజిటివ్‌గా ఆలోచిస్తే క్యాన్సర్ తగ్గిపోతుందని చెప్పేవాళ్లు. దానికి ఆధారం లేదు సరికదా, తగ్గకపోతే తప్పు రోగిదే అన్నట్టు అవుతుంది. దయచేసి మీరు ఆ మాట అనకండి.

ఇక మీ డిసర్టేషన్ సంగతి. చాలామంది స్ట్రెస్ ప్రశ్నావళికి తోడు లాలాజలంలో కార్టిసాల్ అనే స్ట్రెస్ హార్మోన్ కూడా కొలుస్తామంటారు, మంచిదే. కానీ అది నిద్ర లేచిన అరగంటకల్లా బాగా పెరిగి, రాత్రికి బాగా పడిపోతుంది. ఒకరి శాంపిల్ పొద్దున్న ఎనిమిదింటికి, ఇంకొకరిది మధ్యాహ్నం భోజనం తర్వాత తీసుకుంటే మీరు కొలిచింది స్ట్రెస్‌ని కాదు, గడియారాన్ని. కాబట్టి టాపిక్ ఖాయం చేసుకోకముందే, ఈ సెమిస్టర్‌లోనే, బయోకెమిస్ట్రీ వాళ్ల దగ్గరికి వెళ్లి శాంపిల్ ఎప్పుడు తీయాలో, ఎలా దాచాలో అడిగి రాసుకోండి.